‘మన’ అనే డబ్బా

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. కింద హాల్లో దివాను మీద రాజయ్య, ఆయన కాళ్ళ దగ్గర చాటలో చిక్కుడుకాయలు తుంపుతూ ఆయన భార్య పోశవ్వ. మేడ మీద కొత్తగా కట్టిన గదిలో వాళ్ళ కొడుకు భానుప్రసాద్, కరీంనగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసు నుంచి అతను పిలిపించుకున్న కైనాత్. వెనక మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతూ శంకరవ్వ. షెడ్డు ఇంట్లో భాగమేనా, కాదా అన్నది ఎవరూ ఎప్పుడూ తేల్చలేదు గనుక ఆమెను కూడా ఇంట్లో ఉన్నట్టే అనుకోవచ్చు. ఇక మేడ మెట్ల మధ్యలో, చేతిలో టీ కప్పుల పళ్ళెంతో, పైకి పోతే ఏమంటారో అని ఆగిపోయి శంకరవ్వ కూతురు మమతారాణి.

శంకరవ్వ రాజయ్యకు మరదలు. ఆయన తమ్ముడు హనుమంతు పోయినప్పటి నుంచి తల్లీ కూతుళ్ళు షెడ్డు పక్క రేకుల గదిలో ఉంటున్నారు. మమత ఊరి బడిలో పది, మండలంలో ఇంటర్ చదివింది. పరీక్షలు అయిపోయాక ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. అడగడం ఆమెకు చేతకాదు. ఎవరైనా పిలిస్తే మొదటిసారి వినిపించనట్టే ఉండి, రెండోసారి పిలిచాక కదులుతుంది.

“మమతా, గాడనే నిలబడ్డవేంది? చాయ్ సల్లారుతది,” అని భానుప్రసాద్ పైనుంచి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు వెళ్ళింది.

గదిలో ఇంకా సున్నం వాసన ఉంది. కొత్త బల్ల, దాని చుట్టూ చక్రాల కుర్చీలు, వాటి మీద విప్పని ప్లాస్టిక్ కవర్లు. కైనాత్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక చేత్తో నుదురు రాసుకుంటోంది.

“భాను సార్, నాకు మీ చుట్టరికాలు తెల్వయ్. ఇంట్ల మనిషి ఒకరు పక్కన ఉంటె గీ పని అయితది. లేకుంటె నేను గిట్లనే పరేషాన్ అయిత,” అంటోంది.

భానుప్రసాద్ మమత వైపు చూశాడు. “టైపింగ్ వస్తదా నీకు?”

“బడిల నేర్పిండ్రు అన్నా.”

“బస్. అయితే కూసో,” అంది కైనాత్.

మమత కుర్చీ అంచున కూర్చుంది. చక్రాలు జారి కుర్చీ గోడ దాకా పోయింది. కైనాత్ నవ్వకుండా కాలు చాచి కుర్చీని బల్ల దగ్గరికి లాగింది.

తెర మీద ఉన్నది చూస్తే మమతకు మొదట పిచ్చుక గూడు గుర్తొచ్చింది. గుండ్రాలు, డబ్బాలు, వాటి మధ్య అడ్డదిడ్డంగా గీతలు. కైనాత్ విడమరిచి చెప్పింది. గుండ్రాలు మనుషులు. డబ్బాలు వ్యాపారాలు. ఏ మనిషికి ఏ వ్యాపారంలో ఎంత వాటా ఉందో అది గీత. వాటా ఎంతో రాయకపోతే గీత ఎర్రగా ఉంటుంది. ఒక వ్యాపారానికి ఇంకో వ్యాపారంలో వాటా ఉండొచ్చు, అప్పుడు డబ్బా నుంచి డబ్బాకు గీత పోతుంది. అన్నీ నింపాక పైన ఒక పెద్ద డబ్బా వస్తుంది. అన్ని వ్యాపారాలనూ దాని కిందికి తెస్తారు. భానుప్రసాద్ దానికి ‘ఫ్యామిలీ ఆఫీస్’ అని పేరు పెట్టుకున్నాడు. రాజయ్య మాత్రం ‘దఫ్తర్’ అనేవాడు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ పెట్టాలంటే బ్యాంకుకు ముందు ఈ పటం చూపించాలట.

ఆ పూట పటం నిండా ఎరుపే.

భోజనాలయ్యాక రాజయ్య మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. కైనాత్ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని అడిగింది.

“అంకుల్, బోథ్‌ల జిన్నింగు మిల్లు ఎవరిది?”

“మనదే.”

“ఖానాపూర్‌ల రైసుమిల్లు?”

“గదీ మనదే.”

“వెనక సాంచాల షెడ్డు?”

“అన్నిటికంటె ముందుగాల మనది గదే. గది నడిస్తెనే కద గివన్ని అయినయ్.”

“మనది అంటె ఎవరెవరిది అంకుల్? పేర్లు గావాలె.”

రాజయ్యకు నవ్వొచ్చింది. “మన అంటె మనమే బిడ్డా. పేర్లేంది? నాల్గు దినాలు మా పోశవ్వ చేతి తిండి తింటె నువ్వు సుత మనల్నే కలుస్తవ్.”

ఆయన దిగిపోయాక కైనాత్ మమత చెవి దగ్గర మెల్లగా అంది. “మీ పెద్దబాపు మంచోడే. గని గీ సాఫ్ట్‌వేర్‌ల ‘మన’ అని డబ్బా లేదమ్మా.”

మమతకు నవ్వొచ్చింది. చేయి అడ్డం పెట్టుకుంది. కిందికి దిగుతున్న రాజయ్య సగం మెట్ల మీద ఆగి అరిచాడు. “మ్యాపు మంచిగ చెయ్యి బిడ్డా. రేపు మన దఫ్తర్‌ల గా కుర్సీ నీదే.”

ఆ సాయంత్రం మమత షెడ్డులోకి వెళ్ళేసరికి సాంచాలన్నీ, ఆ కరెంటు మగ్గాలన్నీ, నడుస్తున్నాయి. అక్కడ మాట వినపడదు. పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. శంకరవ్వ కండెల మిషను ముందు కూర్చుని, నిండిన కండె తీసి తట్టలో వేస్తూ, అదే చేత్తో నూలు చుట్టే ఖాళీ పుల్ల ఎక్కిస్తూ, దారం తెగిన చోట వేళ్ళ కొసలతో ముడి వేస్తోంది. ఆమె కనుబొమల మీద, తలలో, చెవి వెనక దూది నూగు. మగ్గాల మీద పనిచేసేవాళ్ళకు వారం వారం కూలి ఇస్తారు. శంకరవ్వకు లేదు. ఎవరన్నా ఆ మాటెత్తితే ఆమే అనేది, “మనదానికి మనం కూలి అడుగుతమా?”

గోడకు రాజయ్య తల్లి ఫొటో, దానికి ప్లాస్టిక్ దండ. బయట ద్వారం మీద బోర్డు: యాదవ్వ టెక్స్‌టైల్స్. రాజయ్య తల్లి పేరు యాదవ్వ. అందుకే ఆ పేరు పెట్టారని కూలీల దగ్గర నుంచి కరెంటు బిల్లు తెచ్చే మనిషి దాకా అందరికీ తెలుసు.

మిషను ఆగాక మమత చెప్పింది. “పెద్దబాపు నాకు కుర్సీ ఇస్తనన్నడవ్వా. చక్రాల కుర్సీ. గది నాదే అన్నడు.”

శంకరవ్వ కూతురి మొహం చూసింది. సంతోషపడింది. అయినా కొంగుతో మొహం తుడుచుకుంటూ, “నాది అనకు బిడ్డా. మనది అనాలె. నాది అంటె దిష్టి తగుల్తది,” అంది.

మరునాడు కైనాత్ స్కూటీ మీద పొద్దున్నే వచ్చింది. మమతకు ఒక పని అప్పగించింది. ఒక్కొక్క గుండ్రం తెరిచి, ఇంటిపేరు, తండ్రి పేరో భర్త పేరో, కాగితాల్లో ఉన్నట్టే ఉన్నాయా లేదా చూడాలి. మమతకు ఆ పని నచ్చింది. ఎవరితో మాట్లాడే అవసరం లేదు. దూడం రాజయ్య, తండ్రి లచ్చయ్య. దూడం పోశవ్వ, భర్త రాజయ్య. దూడం భానుప్రసాద్, తండ్రి రాజయ్య. తెలిసినవాళ్ళే అయినా తెర మీద గుండ్రంగా, పక్కపక్కన కనిపిస్తుంటే, బంతిలో కూర్చున్నవాళ్ళకు తను వడ్డిస్తున్నట్టు అనిపించింది. తన గుండ్రం ఎక్కడైనా ఉందేమోనని చూసింది. లేదు. ఉంటుందని అనుకోలేదు కూడా.

దూడం యాదవ్వ అన్న గుండ్రం తెరిచి అక్కడే ఆగింది.

కైనాత్ తొంగి చూసి పకాలున నవ్వింది. “అరె, గీ పెద్దమనిషికి ఇద్దరు మొగుళ్ళున్నరేందమ్మా? లచ్చయ్య ఒకడు, హనుమంతు ఒకడు.”

మమత నవ్వలేదు.

“మొన్న సాఫ్ట్‌వేర్ అడిగింది,” అని కైనాత్ గుర్తు తెచ్చుకుంది. “రెండు దిక్కుల గిదే పేరు వచ్చింది, ఇద్దరూ ఒకరేనా అని. భాను సార్ ఒకరే, మా బాపమ్మ అన్నడు. ఇంటిపేరు ఒకటి, ఊరు ఒకటి. నేను కలిపేసిన.”

“ఇద్దరు మేడం,” అంది మమత. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఒకరు మా బాపమ్మ. ఒకరు మా అవ్వ.”

“మీ అవ్వ శంకరవ్వ కద?”

మమత తలొంచుకుని చెప్పింది. అవ్వకు పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు యాదవ్వే. కోడలుగా వచ్చిన ఇంట్లో అత్త పేరు కూడా అదే. భర్త తల్లి పేరుతో పెళ్ళాన్ని ఎట్లా పిలుస్తాడు? అత్త కోడల్ని తిట్టాలంటే తన పేరు పెట్టే తిట్టుకోవాలి. అందుకని పెళ్ళి పందిట్లోనే పేరు తీసి పక్కనపెట్టి శంకరవ్వ అన్నారు. కాగితాల్లో మాత్రం పాతదే ఉండిపోయింది. అత్త పేరు కోడలు నోటితో పలకకూడదు. బాపమ్మ చనిపోయినా అవ్వ ఇప్పటికీ ఆ పేరు పలకదు. కొండగట్టు పోయే దారిలో ఆ పేరే ఉన్న ఒకామె దుకాణం ఉంటే, “గా అత్తమ్మ దుకాణం” అంటుంది. అంటే అవ్వ తన పేరు కూడా తను పలకదు. బడి కాగితాల్లో తల్లి పేరు దగ్గర మమత యాదవ్వ అని ఎన్నోసార్లు రాసింది. అవ్వ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

కైనాత్ నవ్వడం మానేసింది. “విడదియ్యాల్నా?”

“విడదియ్యుండ్రి.”

గుండ్రం రెండయింది. పెద్దదానితో పాత ఇల్లు, కొంత భూమి ఉండిపోయాయి. చిన్న గుండ్రం ఒక్క గీత మాత్రం పట్టుకుని పక్కకు జరిగింది. ఆ గీత చివర సాంచాల షెడ్డు ఉంది, వాటా మొత్తం. సాఫ్ట్‌వేర్ తనంతట తనే కొత్త గుండ్రానికి నారింజ రంగు ఇచ్చింది. షెడ్డు డబ్బా నారింజగా మారింది. షెడ్డుకు బోథ్ జిన్నింగు మిల్లులో సగం వాటా ఉంది గనుక అది సగం దాకా నారింజ అయింది. జిన్నింగు మిల్లుకు ఖానాపూర్ రైసుమిల్లులో ఉన్న వాటా మేరకు రంగు అక్కడికీ పాకింది. బట్టకు నీళ్ళు అంటుకుని పైకి ఎక్కినట్టు ఎక్కింది.

కైనాత్ ఆ రంగును చూస్తూ ఉండిపోయింది. మమతకు సంతోషం వేసింది. తప్పు దిద్దింది. ఎరుపు గీతలు కొన్ని పోయాయి. పెద్దబాపు మెచ్చుకుంటాడు. ఎవరి రంగైతేనేం, అంతా మనదే కదా.

భానుప్రసాద్ వచ్చి నిలబడి చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కిందికి పోయి తండ్రిని తీసుకొచ్చాడు.

“గీ రంగేంది?” అన్నాడు రాజయ్య.

“షెడ్డు ఎవరిదో వాళ్ళ రంగు పెద్దబాపు.”

“షెడ్డు మా అవ్వది కద బిడ్డా.”

“కాదు పెద్దబాపు. గా యాదవ్వ మా అవ్వ.”

రెండు ‘మా అవ్వ’లు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ కొత్త గదిలో నిలబడ్డాయి. కైనాత్ ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఈమె వైపు చూసింది.

రాజయ్య కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. మమత తల మీద చేయి వేశాడు. ఆ చేయి బరువుగా, వెచ్చగా ఉంది. “ఆడోళ్ళ పేరు మీద అయితె సర్కారు మగ్గాలు ఇస్తదంటె గప్పుడు పెట్టినం. అవ్వ పేరే పెట్టినం. తమ్ముడు కాయితాలు రాపిచ్చుకొచ్చిండు, ఏం రాపిచ్చిండో. పెద్దోళ్ళు ఒక్కటిగ పెట్టినదాన్ని పిల్లలు ఇరగ్గొట్టద్దు బిడ్డా. మల్ల కలుపు.”

“కాయితంల భర్త పేరు సాఫ్‌గ ఉంది అంకుల్,” అంది కైనాత్.

“ఇంట్ల మనిషి ఉంటెనే పని అయితదన్నవట కదమ్మా. గీ పిల్ల ఇంట్ల పిల్లనే. గీ పిల్ల చెప్తది.” మళ్ళీ మమతతో, “ఫికర్ చెయ్యకు. రేపు చెప్పు. కుర్సీ యాడికి పోదు,” అన్నాడు.

కైనాత్ లాప్‌టాప్ మూసేముందు తెర మీద ఆ ప్రశ్న మళ్ళీ తెచ్చి వదిలింది. ఈ ఇద్దరూ ఒకరేనా? కింద రెండు మీటలు: అవును, కాదు.

పొద్దు వాలకముందే పోశవ్వ గిన్నెలో మక్క గారెలు పెట్టుకుని రేకుల గదికి వచ్చింది. ఆమె ఆ గదికి రావడం అరుదు. గడపలో కూర్చుని కాళ్ళు చాపుకుంది.

“తిను చెల్లె, వేడి మీదున్నయ్. పిల్లను పాలిటెక్నిక్‌ల ఏస్తమని మీ బావ అంటుండు. గా బట్టల కోర్సు ఉందట కద, గదాంట్ల.”

“మంచిదే అక్కా,” అంది శంకరవ్వ.

“మరి పిల్లకు జర చెప్పు. ఎన్నడు పలకని పేరు గిప్పుడు ఎందుకు తవ్వుడు? నువ్వే మర్సిపోయిన పేరాయె. గా అత్త ఫొటోకు రోజూ మొక్కుతవ్, ఆమె ముంగట గీ పంచాది పెట్టుకుంటె మంచిగుంటదా?”

శంకరవ్వ గారె తుంచి కూతురి చేతిలో పెట్టింది. తను తినలేదు. పోశవ్వ గిన్నె అక్కడే వదిలి మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళింది.

“ఏం నొక్కమంటవ్ అవ్వా?” అని మమత అడిగింది. “కలిపితె కోర్సుల ఏస్తరు. కుర్సీ ఇస్తరు. కలపకుంటె...” కలపకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. అదే భయంగా ఉంది.

శంకరవ్వ మంచం కింది నుంచి మరుసటి రోజుకు కావలసిన ఖాళీ పుల్లల తట్ట లాగి, విరిగినవి ఏరి పక్కన పెట్టసాగింది.

“గా కాయితం మీద నేను ఏలిముద్ర ఏయలే,” అంది చివరికి. “మీ బాపు సంతకం నేర్పిండు. మూడక్షరాలు. బియ్యం పోసిన పళ్ళెంల ఏలితోటి రాపిచ్చిండు. రాసుడైతె తప్పు కాదు, పలుకుడే తప్పు అని నవ్విండు.” విరిగిన పుల్లను చేతిలో అటూ ఇటూ తిప్పింది. “రేపు నేను సుత పైకి వస్త.”

తెల్లారి మేడ గదిలో అందరూ ఉన్నారు. రాజయ్య, పోశవ్వ, భానుప్రసాద్ ఒక పక్క. కైనాత్ లాప్‌టాప్ ముందు. ఆమె పక్క కుర్చీలో మమత. తెర మీద నిన్నటి ప్రశ్న అలాగే ఉంది. శంకరవ్వ తలుపు దగ్గర, గడపకు అవతల నిలబడింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. చీర మీద, చేతుల మీద తెల్లగా నూగు.

“మంచిదాయె, నువ్వే వచ్చినవ్,” అన్నాడు రాజయ్య. “పిల్లను ఎందుకు సతాయించుడు. మేడం ముంగట నువ్వే చెప్పు. నీ పేరేంది?”

ఆయన ధీమాగా అడిగాడు. ఏం జవాబు వస్తుందో ఆయనకు తెలుసు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు ఒక్కటే.

కింద సాంచాల చప్పుడు గోడల్లోంచి వస్తోంది.

“చెప్పు, శంకరవ్వా,” అన్నాడు రాజయ్య ఇంకా మెత్తగా.

“అదేం చెప్తది,” అంది పోశవ్వ. “అత్త పేరు పలకద్దని దానికి తెల్వదా?”

శంకరవ్వ కొంగు తీసి తల మీద కప్పుకుంది. అత్త ఎదురుగా ఉన్నప్పుడు కప్పుకున్నట్టే, రెండు చెవులూ మూసుకుపోయేలా. తర్వాత నేలను చూస్తూ ఏదో అంది.

“వినపడలేదమ్మా,” అంది కైనాత్.

“యాదవ్వ,” అంది శంకరవ్వ. ఆ మాట ఆమె నోట్లో కొత్త చెప్పులా కరుకుగా పలికింది. తలెత్తి మళ్ళీ అంది. “దూడం యాదవ్వ. మొగని పేరు హనుమంతు.”

మొగుడి పేరు కూడా ఆమె ఎన్నడూ పలికింది కాదు. పోశవ్వ బుగ్గన చేయి పెట్టుకుంది. రాజయ్య కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. భానుప్రసాద్ ఫోన్ వైపు చూశాడు గానీ అందులో ఏమీ లేదు.

మమత ‘కాదు’ అన్న మీట నొక్కింది. ప్రశ్న మాయమైంది. పటం తిరిగి వచ్చింది, నారింజ రంగు ఉన్నచోటే ఉంది.

రాజయ్య గొంతు సవరించుకున్నాడు. “సరే. గిప్పుడు మాట్లాడుకునేదుంది. గిది మా ఇంటి ముచ్చట. పిల్లను బయటికి పొమ్మనుండ్రి.”

మా ఇంటి ముచ్చట. మమత ఆ మాటను వెంటనే పట్టుకోలేకపోయింది. ఈ ఇంట్లో అన్నం, మిల్లు, బోరు, కుక్క, దండెం మీద బట్టలు అన్నీ మనవే. ఆయన నోటి నుంచి తనతో వేరే మాట ఎప్పుడూ రాలేదు. ఆమె లేచింది. కుర్చీ వెనక్కి జారి ఆగింది. ఆమె లేవడం చూసి శంకరవ్వ కూడా అలవాటుగా మెట్ల వైపు తిరిగింది.

“మీరు యాడికమ్మా?” అంది కైనాత్. “మీరు లేంది గీ ముచ్చటే లేదు. లోపటికి వచ్చి కూసోండ్రి.”

రాజయ్య కాదనలేదు. అవుననలేదు.

శంకరవ్వ గడప దాటింది. ఖాళీ అయిన కుర్చీని చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. చీరకున్న నూగు దులుపుకోబోయి, కొత్త గదిలో పడుతుందని ఆగి, ఒక్కొక్క పోగు ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. కూర్చుంది. కుర్చీ జారబోతే రెండు పాదాలు నేలకు ఆనించి ఆపుకుంది.

మమత గడప అవతల నిలబడి ఉంది. అవ్వ నిలబడిన చోటే.

“అవ్వా, నేను సుత ఉంట,” అంది. ఎవరూ పిలవకముందే ఆమె తన కోసం నోరు తెరిచి అడిగిన మొదటి మాట అది.

శంకరవ్వ లేచి తలుపు దగ్గరికి వచ్చింది. మమత పక్కకు జరిగి చోటు ఇచ్చింది, తనను లోపలికి లాగుతుందనుకుని. శంకరవ్వ గుప్పిట్లో ఉన్న నూగు కూతురి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“నువ్వు పో బిడ్డా. కండెలు అయిపోవస్తున్నయ్,” అంది. “గిది మా ముచ్చట.”

కొత్త తలుపు బిగుతుగా ఉంది. శంకరవ్వ భుజం ఆనించి నెట్టి మూసింది.